సెక్షన్ 30, సెక్షన్ 31: ఫ్రెంచ్ నవలాకారులు మేధావులయ్యే తీరు

చేయని నేరానికి శిక్షపడ్డ డ్రేఫస్ అనే సైనికాధికారి కోసం నవలాకారుడు ఎమిల్ జోలా 1898 జనవరిలో ఫ్రాన్స్ అధ్యక్షుడికి రాసిన బహిరంగ లేఖ చివర్లో రెండు సెక్షన్ల నంబర్లుంటాయి. ‘జక్యూజ్’, అంటే ‘నేను నేరం మోపుతున్నాను’ అన్న పెద్దక్షరాల శీర్షిక అందరికీ గుర్తే. పేరుపేరునా సైనికాధికారుల మీద మోపిన ఆరోపణలూ గుర్తే. ఆ వరస అయ్యాక వచ్చే వాక్యం దగ్గర మాత్రం ఎక్కువమంది ఆగరు. ఈ ఆరోపణలు చేస్తే 1881 జులై 29 నాటి పత్రికల చట్టం 30, 31 సెక్షన్ల కింద పరువునష్టం కేసుకు దొరికిపోతానని తెలుసు, తెలిసే ఆ పని చేస్తున్నానని జోలా అందులో చెప్పాడు. లేఖలో మిగతాదంతా కోపం. ఆ ఒక్క వాక్యం పథకం.

నవలలు రాసుకునే మనిషి మాటను దేశమంతా చెవి ఒగ్గి వినే పరిస్థితి ఫ్రాన్సులో ఎలా వస్తుందన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది. పేరు కావాలి. పత్రిక కావాలి. రాయడం రావాలి. ఈ మూడూ ఉన్న రచయితలు ఆ దేశంలో ప్రతి తరంలోనూ డజన్లకొద్దీ ఉన్నారు, చాలామంది రచయితలుగానే పోయారు. నవలలతో కూడబెట్టుకున్న పేరును తీసుకెళ్లి చట్టం చేతికి అందేంత దగ్గర్లో నిలబెట్టినప్పుడే తేడా వచ్చింది.

ఈ దారి వేసింది జోలా ఒక్కడే కాదు. తులూజ్ నగరంలో కలాస్ అనే ప్రొటెస్టెంట్ బట్టల వ్యాపారిని 1762 మార్చి 10న చక్రానికి కట్టి ఎముకలు విరగ్గొట్టి చంపారు. కొడుకు క్యాథలిక్ మతంలోకి మారబోతుంటే తండ్రే చంపేశాడన్నది అభియోగం. వోల్టేర్ ఆ కేసును మూడేళ్లు వదల్లేదు. 1765 మార్చి 9న కలాస్ నిర్దోషి అని తేలింది. విక్టర్ హ్యూగో 1851 నుంచి 1870 దాకా ప్రవాసంలో ఉండి చక్రవర్తి మూడో నెపోలియన్‌ను దుమ్మెత్తిపోశాడు. అయితే ఈ ఇద్దరూ నిలబడిన చోటు గమనించాలి. వోల్టేర్ ఇల్లు ఫెర్నేలో, స్విట్జర్లాండ్ సరిహద్దు పక్కనే. పోలీసులొస్తే అటు దాటేయొచ్చు. హ్యూగో ఉన్న జెర్సీ, గెర్న్‌సీ దీవులు బ్రిటిష్ రాజరికం కిందివి. ఫ్రెంచ్ చట్టం చెయ్యి అందని చోటినుంచి మాట్లాడారిద్దరూ. జోలా పారిస్‌లో కూర్చుని, కేసు పెట్టండి అన్నాడు.

పెట్టుబడి

1897 నాటికి జోలా దగ్గర ఏముందో లెక్క చూడాలి. 1871, 1893 మధ్య ఇరవై నవలల రూగోన్-మకార్ వరస పూర్తయింది. 1877లో వచ్చిన ‘లసొమ్వార్’ విపరీతంగా అమ్ముడుపోయింది, ఆ డబ్బుతోనే మరుసటేడు పారిస్ బయట మెదాన్ అనే ఊళ్లో ఇల్లు కొన్నాడు. డబ్బు సంగతి ఇక్కడ పక్క విషయం కాదు. 1880లోనే జోలా సాహిత్యంలో డబ్బు గురించి ఒక వ్యాసం రాశాడు. పూర్వం రచయిత ప్రభువుల దగ్గర చేతులు కట్టుకు నిలబడేవాడు, ఇప్పుడు పాఠకుడు ఇచ్చే డబ్బు వల్ల ఎవరికీ తలవంచక్కర్లేదు అన్నది దాని సారం. పద్దెనిమిదేళ్ల తర్వాత ఆ మాట విలువ తెలిసొచ్చింది. జోలా విచారణలో ఆయన పక్షాన సాక్ష్యం చెప్పిన రసాయన శాస్త్రవేత్త ఎడ్వార్ గ్రిమో ఎకోల్ పాలిటెక్నిక్‌లో తన ఆచార్య పదవి పోగొట్టుకున్నాడు. జోలాను ఉద్యోగంలోంచి తీసేయడానికి ఉద్యోగమే లేదు.

రెండోది, పత్రికల లోగుట్టు తెలియడం. బకలోరియా అనే స్కూలు చివరి పరీక్ష తప్పిన జోలా 1862లో అషెట్ ప్రచురణ సంస్థలో పార్సిళ్లు కట్టే విభాగంలో చేరి, ప్రచార విభాగం అధిపతి అయ్యాడు. 1866లో మానేసేదాకా పుస్తకాలను పత్రికల్లో ఎలా మాట్లాడించాలో నేర్చుకోవడమే పని. ఏ వార్త ఏ రోజు పడాలి, శీర్షిక ఎంత పెద్దగా ఉండాలి లాంటి సంగతులు ఆయనకు కొట్టిన పిండి.

మూడోదాన్ని సాహిత్య విమర్శకులు మెచ్చుకుంటారు గానీ రాజకీయ చరిత్రకారులు తక్కువ లెక్క వేస్తారు. జోలా ప్రతి నవలకూ ఒక దస్త్రం కట్టేవాడు. ‘జెర్మినాల్’ కోసం 1884 ఫిబ్రవరిలో ఆంజాన్ బొగ్గు గనుల సమ్మె జరుగుతుండగా అక్కడికి వెళ్లి, గనిలోకి దిగి, నోట్సు రాసుకున్నాడు. రైళ్ల నవల కోసం 1889లో ఇంజన్ మీద నిలబడి పారిస్ నుంచి మాంత్ దాకా ప్రయాణం చేశాడు. సేకరించిన కాగితాలన్నిటినీ ఒక వరసలో పెట్టి, చదివేవాడి కళ్లకు కట్టించడం ఇరవయ్యేళ్లుగా ఆయన చేస్తున్న పని. డ్రేఫస్ కేసు చేతికొచ్చినప్పుడు కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా లేదు.

కట్ట మోసుకొచ్చే మనిషి

యూదుడైన కెప్టెన్ ఆల్ఫ్రెడ్ డ్రేఫస్‌కు 1894 డిసెంబరులో సైనిక కోర్టు గూఢచర్యం కింద యావజ్జీవ ప్రవాస శిక్ష వేసింది. అప్పుడు జోలా పట్టించుకోలేదు. 1896లో బెర్నార్ లజార్ అనే యువ రచయిత డ్రేఫస్ నిర్దోషి అంటూ రాసిన కరపత్రంతో వచ్చి కలిసినా కదల్లేదు. యూదుల మీద ద్వేషాన్ని ఖండిస్తూ ఆ ఏడు మే 16న ‘లె ఫిగారో’లో వ్యాసం రాశాడు గానీ అందులో డ్రేఫస్ పేరెత్తలేదు. 1897 నవంబరులో లెబ్లువా అనే లాయరు, సెనేట్ ఉపాధ్యక్షుడు షోరర్-కెస్ట్నర్ అసలు దోషి ఎస్టర్‌హాజీ అనే మరో సైనికాధికారి అని చూపించే కాగితాలు ముందు పెట్టాక కదిలాడు.

ఇలాంటి ప్రతి ఉదంతంలోనూ ఇద్దరుంటారు: కాగితాల కట్ట మోసుకొచ్చేవాడు, దానికి పేరు అరువిచ్చేవాడు. చరిత్రలో రెండోవాడే మిగులుతాడు. 1960లో అల్జీరియా యువతి జమీలా బూపాషాను ఫ్రెంచ్ సైనికులు చిత్రహింసలు పెట్టిన కేసులో రచయిత్రి సిమోన్ ద బోవువా ‘లె మోంద్’లో రాసిన వ్యాసం ప్రసిద్ధం. కట్ట తెచ్చింది లాయరు జిజెల్ అలిమి. ఆ వ్యాసంలో హింస ఎక్కడ జరిగిందో చెప్పే శరీరభాగం పేరు మార్చమని పత్రిక అడిగింది, అంత మెత్తబడ్డాక కూడా ఆ సంచికను అల్జీర్స్‌లో జప్తు చేశారు.

జోలా మొదట ఈ కేసును చూసింది నవలాకారుడి కంటితోనే. 1897 నవంబరు 25న ‘లె ఫిగారో’లో అచ్చయిన తొలి వ్యాసం మొదలయ్యేదే ఎంత గుండెలు పిండే నాటకం, ఎంత గొప్ప పాత్రలు అన్న అబ్బురంతో. సత్యం బయల్దేరింది, దాన్నేదీ ఆపలేదు అన్న వాక్యంతో ముగుస్తుంది. డిసెంబరు 1న, 5న ఇంకో రెండు వ్యాసాలు పడ్డాయి. చందాదారులు వెళ్లిపోవడం మొదలయ్యేసరికి ‘లె ఫిగారో’ తలుపు మూసేసింది. అది సంపన్నులు చదివే పత్రిక. జోలాకు గౌరవమిచ్చిన పత్రికే, కానీ గౌరవానికీ ఓ ధర ఉంటుంది.

పత్రిక చేజారాక కరపత్రాలకు దిగాడు. డిసెంబరు 14న యువకులకు లేఖ, జనవరి 7న ఫ్రాన్సుకు లేఖ. ఎవరూ పెద్దగా కొనలేదు. కరపత్రం కొనాలంటే పాఠకుడు ముందే ఆ పక్షంలో ఉండాలి. పత్రిక అయితే వాతావరణం కోసమో నేర వార్తల కోసమో కొన్నవాడి చేతికీ అందుతుంది. ఈ తేడా తెలిసొచ్చింది గనకే, 1898 జనవరి 11న సైనిక కోర్టు ఎస్టర్‌హాజీని నిర్దోషిగా వదిలేయగానే రాసిన మూడో లేఖను కరపత్రంగా కాక పత్రికకే ఇచ్చాడు.

ఆ పత్రిక ‘లొరోర్’. పెట్టి మూడు నెలలు కూడా నిండలేదు, వెల 5 సాంటీమ్‌లు. పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేని పత్రిక కావడమే దాని బలం. అధ్యక్షుడికి లేఖ అని జోలా పెట్టిన పేరును ఉపశీర్షికగా దించి, పైన ‘జక్యూజ్’ అని మొదటి పేజీ నిండా పరిచింది సంపాదక వర్గంలో ఉన్న క్లెమాన్సో అని చెబుతారు. మామూలుగా 30,000 దాకా అచ్చయ్యే పత్రిక జనవరి 13న 3,00,000 కాపీలు వేసింది. వందలమంది కుర్రాళ్లు పొద్దున్నుంచి వీధుల్లో కేకలు వేసి అమ్మారు.

కోర్టు ఎందుకు కావలసి వచ్చింది

లేఖలో ఎక్కువ భాగం కథనమే. 1894 నుంచి ఏం జరిగిందో తేదీల వారీగా నడుస్తుంది. చివర్లోనే ‘జక్యూజ్’ అన్న మాటతో మొదలయ్యే ఎనిమిది పేరాలు వస్తాయి. చాలా పేరాల్లో అధికారుల పేర్లు, హోదా, చేసిన పని. పేరు లేకుండా సైన్యం, ప్రభుత్వం, కొందరు పెద్దలు అని రాసి ఉంటే కేసు పడేది కాదు. కేసు పడకపోతే లేఖ పని జరిగేది కాదు.

చట్టంలో కిటుకు ఇదీ. డ్రేఫస్ విచారణ సైనిక కోర్టులో, మూసిన తలుపుల వెనక జరిగింది. ఎస్టర్‌హాజీదీ చాలావరకు అంతే. ఆ కాగితాలను మామూలు పౌరుడు చూసే దారి లేదు. కానీ 1881 చట్టం ప్రకారం ప్రభుత్వాధికారిని అతని ఉద్యోగ ధర్మం విషయంలో పత్రికలో నిందిస్తే, విచారణ మామూలు అసైజ్ కోర్టులో జ్యూరీ ముందు జరగాలి. నిందితుడు తన ఆరోపణ నిజమని సాక్షుల చేత రుజువు చేసుకోవచ్చు. అంటే జోలా మీద కేసు పెట్టిన మరుక్షణం జనరళ్లు బోనెక్కి, పత్రికల వాళ్ల ముందు ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. రహస్య కోర్టు చేసిన పనిని బహిరంగ కోర్టులోకి లాక్కురావడానికి తనను తాను ఎర వేసుకున్నాడు.

ప్రభుత్వం కూడా తక్కువ తినలేదు. అన్ని ఆరోపణల మీదా కాకుండా, ఎస్టర్‌హాజీని పైవాళ్ల ఆజ్ఞ మేరకు వదిలేశారన్న కొద్ది పంక్తుల మీద మాత్రమే కేసు పెట్టింది. ఫిబ్రవరి 7న విచారణ మొదలైనప్పటినుంచి, జోలా లాయరు లబోరీ డ్రేఫస్ పేరెత్తినప్పుడల్లా న్యాయమూర్తి దెల్గోర్గ్ ‘ఆ ప్రశ్న వేయడానికి వీల్లేదు’ అని ఆపుతూనే ఉన్నాడు. ఆ మాట పారిస్‌లో ఊతపదమైపోయింది. అయినా గండి పడనే పడింది. ప్రాచీన లిపులు చదవడంలో ఆరితేరిన పాల్ మేయర్, ఆర్తూర్ జిరీ, ఒగుస్త్ మొలినియే లాంటి ఆచార్యులు బోనెక్కి, గూఢచర్యానికి రుజువుగా సైన్యం చూపించిన కాగితంలోని రాత డ్రేఫస్‌ది కాదన్నారు. తలుపు తెరిచింది నవలాకారుడు, సాక్ష్యం తెచ్చింది వాళ్లు. ఫిబ్రవరి 17న జనరల్ పెలియు ఆవేశపడి, డ్రేఫస్ నేరానికి తిరుగులేని రుజువు ఉందంటూ ఒక రహస్య పత్రం సంగతి కోర్టులో బయటపెట్టాడు. అది దొంగపత్రమని, సృష్టించింది కర్నల్ ఆన్రీ అని ఆగస్టులో తేలింది. ఆన్రీ అరెస్టయిన మర్నాడే గొంతు కోసుకున్నాడు.

ఫిబ్రవరి 23న జోలాకు ఏడాది జైలు, 3,000 ఫ్రాంకుల జరిమానా వేశారు. చట్టం ఆ నేరానికి వేయనిచ్చే గరిష్ఠ శిక్ష అదే. ‘లొరోర్’ చట్టపరమైన బాధ్యుడిగా పేరున్న పెరాంక్స్‌కు నాలుగు నెలల జైలు, మరో 3,000 ఫ్రాంకులు. పై కోర్టు ఆ తీర్పును సాంకేతిక కారణంతో కొట్టేసింది. జులై 18న వెర్సాయ్‌లో రెండో విచారణ రోజునే జోలా లండన్‌కు వెళ్లిపోయాడు. చివరికి ఆయనా సరిహద్దు దాటాల్సి వచ్చింది, ఆ సంగతి దాచడం ఎందుకు. డ్రేఫస్ శిక్ష రద్దయ్యాక 1899 జూన్ 5న తిరిగొచ్చాడు. ఈలోగా లెజియన్ ఆఫ్ ఆనర్ బిరుదు నిలిపేశారు. దాదాపు పది లక్షల కాపీలు అమ్మే ‘లె పెతి జుర్నాల్’ చనిపోయిన తండ్రి చరిత్రను తవ్వి బురద చల్లింది. ఎన్నో ఏళ్లుగా పదేపదే దరఖాస్తు పెట్టుకుంటున్న ఫ్రెంచ్ అకాడమీ కుర్చీ ఇక కల్లోమాటే.

లేఖలో తప్పులూ ఉన్నాయి. కుట్రకు సూత్రధారి మేజర్ డ్యు పాటీ ద క్లామ్ అని జోలా తేల్చేశాడు. పేజీలకు పేజీలు అతని చుట్టూనే తిరుగుతాయి. దొంగపత్రం సృష్టించిన ఆన్రీ పేరు ఆరోపణల్లో లేనే లేదు. డ్యు పాటీ కేసులో వేలు పెట్టిన మాట నిజమే, కానీ చీకట్లో ముసుగులు, నాటకీయమైన విచారణలు ఇష్టపడే మనిషి కావడంతో నవలాకారుడి కంటికి ప్రతినాయకుడిగా అతనే ఆనాడు. కథకు ఒక విలన్ కావాలన్న వృత్తి అలవాటు కేసు దస్త్రం కంటే ముందు పరిగెత్తింది. లేఖలో తాను నిందించిన చేతిరాత నిపుణులు ముగ్గురు వేసిన పరువునష్టం దావాలోనూ జోలా ఓడిపోయాడు.

ఒక తిట్టు పదవిగా మారడం

లేఖ అచ్చయిన మర్నాడే, జనవరి 14న, ‘లొరోర్’లో కేసు తిరిగి విచారించాలని కోరే సంతకాల జాబితా మొదలైంది. మొదటి పేర్లలో జోలా, అనతోల్ ఫ్రాన్స్, పాశ్చర్ సంస్థ డైరెక్టర్ ఎమీల్ ద్యుక్లో ఉన్నారు. ఎకోల్ నార్మల్ లైబ్రేరియన్ లూసియాన్ ఎర్ వెనక ఉండి చాలామందిని కదిపాడు. అప్పటికింకా పెద్ద పేరు లేని మార్సెల్ ప్రూస్త్ సంతకాల కోసం ఇళ్లకు తిరిగాడు. పేరు పక్కనే డిగ్రీ, ఉద్యోగం కూడా వేసేవారు. చదువునే ఒక హోదాగా చేసి రాజకీయంలోకి దించడం అదే మొదలు.

జనవరి 23న క్లెమాన్సో ఆ జనాన్ని మెచ్చుకుంటూ ‘ఇంతెలెక్చుయెల్’, అంటే మేధావులు, అన్నాడు. ఫిబ్రవరి 1న మోరిస్ బారెస్ అదే మాటను పట్టుకుని వెటకారమాడాడు. దేశం, నేల, వంశం అంటే తెలియకుండా తర్కంతో సమాజాన్ని నడపాలనుకునే సగం చదువుల వాళ్లు అన్నది ఆయన ఉద్దేశం. పదం ఊరూరా పాకింది ఆ వెటకారం వల్లే. విచిత్రమేమిటంటే బారెస్ కూడా నవలాకారుడే, పత్రికలో రాసి జనాన్ని కదిపేవాడే. మేధావులను తిట్టే మేధావి కూడా వాళ్లతోపాటే పుట్టాడన్నమాట. తెలుగులో ‘మేధావి’కి తెలివైనవాడు అన్న పాత అర్థం ఉన్నా, పెద్ద మేధావి బయల్దేరాడండీ అన్నప్పుడు వినపడే దెప్పు బారెస్ గొంతుకు బాగా దగ్గర.

అదే చట్టం, వేరే చేతులు

జోలా వాడిన కిటుకును తర్వాతి తరాలు మళ్లీ మళ్లీ వాడాయి. 1971 ఏప్రిల్ 5న ‘లె నువెల్ అబ్జర్వాతర్’ వారపత్రికలో 343 మంది స్త్రీల ప్రకటన వచ్చింది. రాసింది బోవువా. ఫ్రాన్సులో ఏటా పది లక్షల మంది స్త్రీలు గర్భస్రావం చేయించుకుంటున్నారు, అందులో నేనొకదాన్ని అన్నది సారాంశం. సంతకం చేసినవాళ్లలో మార్గరిట్ ద్యురాస్, ఫ్రాన్స్వాజ్ సగాన్ లాంటి నవలాకారిణులూ, కాత్రిన్ దెనవ్ లాంటి సినిమా తారలూ ఉన్నారు. గర్భస్రావం అప్పటికి నేరం. చట్టం మార్చాలి అని సంతకం చేసి ఉంటే అది వినతిపత్రం. నేనా నేరం చేశాను అనడంతో ప్రభుత్వం ఇరుకునపడింది: 343 మందినీ కోర్టుకు లాగాలి, లేదంటే చట్టం చచ్చిపోయిందని ఒప్పుకోవాలి. ఎవరి మీదా కేసు పెట్టలేదు. 1975 జనవరిలో చట్టమే మారింది.

తత్వవేత్త, నవలాకారుడు జాన్-పాల్ సార్త్ర్ ఇంకో మెట్టెక్కాడు. 1881 చట్టం ప్రకారం పత్రిక రాతలకు జైలుకెళ్లాల్సింది ప్రచురణ బాధ్యుడు, 1898లో పెరాంక్స్‌కు పట్టిన గతి అదే. 1970లో ‘లా కోజ్ ద్యు పప్ల్’ అనే మావోయిస్టు పత్రిక బాధ్యులు ఇద్దరు వరసగా అరెస్టయ్యారు. అప్పుడు సార్త్ర్ బాధ్యుడిగా తన పేరు వేయించుకున్నాడు. అందులో రాతలన్నీ ఆయనకు నచ్చాయని కాదు. నన్ను పట్టుకుంటారా అన్నదే ప్రశ్న. పట్టుకోలేదు. వీధుల్లో పత్రిక అమ్మితే కుర్రాళ్లను లాకప్‌లో వేసిన పోలీసులు సార్త్ర్‌ను వ్యానెక్కించుకుని కాసేపటికి దించేశారు.

ఇక్కడ ఓ చేదు నిజముంది. పేరున్నవాడికి చట్టం భయపడుతుంది, పేరులేనివాణ్ని పట్టుకుంటుంది. అల్జీరియా యుద్ధానికి వెళ్లడానికి నిరాకరించే సైనికుల హక్కును సమర్థిస్తూ 1960 సెప్టెంబరులో 121 మంది సంతకాలతో ప్రకటన వచ్చింది. పత్రికలు దాన్ని అచ్చేయలేకపోయాయి. సార్త్ర్ నడిపే ‘లె తాన్ మొదేర్న్’ ఆ చోట ఖాళీ పేజీలు వదిలింది. వోల్టేర్‌ను జైల్లో పెట్టకూడదని అప్పటి అధ్యక్షుడు దె గాల్ అన్నట్టు చెప్పుకుంటారు, సార్త్ర్ జోలికి ఎవరూ రాలేదు. సంతకం చేసిన ప్రభుత్వోద్యోగుల మీద మాత్రం సస్పెన్షన్లు పడ్డాయి, నటీనటులకు ప్రభుత్వ రేడియో, టీవీ తలుపులు మూసుకున్నాయి. గణిత శాస్త్రవేత్త లోరాన్ ష్వార్ట్జ్ పదవి పోయింది. ఎక్కడంటే, అరవై రెండేళ్ల కిందట గ్రిమోను సాగనంపిన ఎకోల్ పాలిటెక్నిక్‌లోనే.

కేసు లేకుండా దస్త్రంతోనే నెగ్గుకొచ్చినవాళ్లూ లేకపోలేదు. టాగూరు గీతాంజలిని 1913లో ఫ్రెంచిలోకి తెచ్చిన నవలాకారుడు ఆంద్రే జీద్ 1925, 26ల్లో కాంగో ప్రాంతమంతా తిరిగి, రబ్బరు కంపెనీలు కూలీలను పీల్చి పిప్పిచేస్తున్న తీరు రాశాడు. 1927లో పుస్తకం వచ్చాక సంగతి పార్లమెంటు దాకా వెళ్లింది. ఆల్బేర్ కామూ విషయంలో వరస తలకిందులు: మొదటి నవల 1942లో వస్తే, పేరు లేని విలేఖరిగా 1939 జూన్‌లోనే ‘అల్జే రెపబ్లికాన్’లో అల్జీరియాలోని కబీలియా కరువు మీద వరస కథనాలు రాశాడు. కూలి ఎంతిస్తున్నారు, ధాన్యం ఎంత పంచుతున్నారు, తిజీ-ఉజులో పిల్లలు చెత్తకుండీ దగ్గర కుక్కలతో ఎలా పోట్లాడుతున్నారు అన్నది లెక్కలతో సహా ఉంటుంది. కామూ తర్వాతి రాజకీయ వ్యాసాలన్నిటికంటే ఇవే గట్టివనిపిస్తుంది.

ఎక్కడ బెడిసికొడుతుంది

బెడిసికొట్టిన ఉదంతాల్లో అన్నిటికంటే పాఠం చెప్పేది మార్గరిట్ ద్యురాస్‌ది. 1984 నవంబరులో, ఫ్రాన్సులో పేరుమోసిన సాహిత్య పురస్కారమైన గొంకూర్ బహుమతితో ఆమె పేరు మారుమోగింది. దానికి కాస్త ముందు, అక్టోబరులో, వోజ్ ప్రాంతంలో వొలొన్ నదిలో నాలుగేళ్ల బాలుడి శవం దొరికింది. 1985 జులైలో తల్లిని నిందితురాలిగా చేర్చి, కొద్దిరోజులకే వదిలారు. ‘లిబెరాసియాన్’ కోరిక మీద ద్యురాస్ ఆ ఊరికి వెళ్లింది. తల్లి ఆమెను కలవనంది. ఇల్లూ, కొండా, తోటా చూసి వచ్చి ద్యురాస్ రాసిన వ్యాసం జులై 17న అచ్చయింది. చంపింది తల్లే అన్న నమ్మకంతో, మగవాడి కింద నలిగిన ఆడదాని తిరుగుబాటుగా ఆ నేరాన్ని ఎత్తి నిలబెట్టింది. ఇది రచన హద్దు దాటడం అంటూ పత్రికే ఓ ముందుమాట తగిలించి చేతులు దులుపుకుంది. 1993 ఫిబ్రవరిలో కోర్టు ఆ తల్లి మీద ఏ ఆధారమూ లేదని కేసు కొట్టేసింది.

జోలాకూ ద్యురాస్‌కూ తేడా ప్రతిభలో లేదు. జోలా ఊహించుకున్న విలన్ తప్పైనా, ఎదురుగా ఉన్నది యుద్ధ మంత్రిత్వశాఖ, పక్కన ఉన్నది లాయరు ఇచ్చిన దస్త్రం, శిక్ష పడితే తనకే. ద్యురాస్ చేతిలో దస్త్రం లేదు, ఎదురుగా ఉన్నది ఓ పల్లెటూరి ఇల్లాలు, తప్పైతే మోసేదీ ఆ ఇల్లాలే.

ఇంకో రకం ప్రమాదం కత్తిరింపు. కామూ 1957 డిసెంబరు 12న స్టాక్‌హోమ్‌లో విద్యార్థులతో మాట్లాడుతూ, అల్జీర్స్ ట్రాముల్లో బాంబులు పేలుతున్నాయని, తన తల్లి వాటిలో ఏదో ఒకదానిలో ఉండొచ్చని, అదే న్యాయమైతే తల్లినే ఎంచుకుంటానని అన్నాడు. పత్రికలోకి వచ్చేసరికి న్యాయం కంటే ముందు నా తల్లిని కాపాడుకుంటాను అన్నట్టు కుదించుకుపోయింది. అసలు మాటలో న్యాయం పేరుతో బాంబులేయడాన్ని ప్రశ్నించాడు, కుదించిన మాటలో న్యాయాన్నే వదిలేశాడు. మరుసటేడు అల్జీరియా వ్యాసాలన్నీ పుస్తకంగా వేస్తే పట్టించుకున్నవాళ్లు లేరు. మరణశిక్ష పడిన అల్జీరియన్ల కోసం తెరవెనక ఉత్తరాలు రాస్తూ, పైకి మౌనంగా ఉండిపోయాడు.

సంతకాలు అలవాటైపోవడం మూడో రోగం. 1977 జనవరిలో, మైనర్లపై లైంగిక నేరాల కేసులో జైల్లో ఉన్న ముగ్గురు మగవాళ్లను వెనకేసుకొచ్చే లేఖ ‘లె మోంద్’లో వచ్చింది. సార్త్ర్, బోవువా ఇద్దరూ సంతకం చేశారు. బోవువా బూపాషా కేసులో కట్ట మొత్తం చదివి రాసిన మనిషి.

ఇప్పటి సరంజామా

ఇవాళ యువ నవలాకారుడి ముందు దారి సిద్ధంగా వేసి ఉంది. ఆగస్టు మధ్య నుంచి కొన్ని వందల నవలలు ఒకేసారి విడుదలవుతాయి. నవంబరు మొదట్లో ద్రువాన్ రెస్టారెంట్‌లో పదిమంది సభ్యులు గొంకూర్ ప్రకటిస్తారు. చెక్కు 10 యూరోలది, అమ్మకాలు లక్షల్లో. 1981 నాటి చట్టం పుస్తకం ధర మీద 5 శాతానికి మించి తగ్గింపు ఇవ్వనివ్వదు కాబట్టి చిన్న దుకాణాలూ బతికి, గంభీరమైన నవలకు కూడా అర ఉంటుంది. బెర్నార్ పివో 1975 నుంచి 1990 దాకా శుక్రవారం రాత్రుల్లో నడిపిన ‘అపోస్త్రోఫ్’ టీవీ కార్యక్రమం రచయిత ముఖాన్ని ఇంటింటికీ తీసుకెళ్లింది. ఆ తర్వాత ఏదైనా గొడవ రేగితే పత్రికలే ఫోన్ చేసి వ్యాసం అడుగుతాయి. కట్ట మోసుకొచ్చే మనిషి అవసరం లేకుండానే పని నడిచిపోతుంది, వచ్చిన చిక్కే అది.

చట్టం మాత్రం అలాగే ఉంది, దిశ మారింది. 2001లో ఓ పత్రిక ఇంటర్వ్యూలో ఇస్లాం గురించి అన్న మాటలకు నవలాకారుడు మిషెల్ వెల్‌బెక్ మీద ముస్లిం సంస్థలు కేసు వేశాయి. ఆధారం అదే 1881 చట్టం, 1972లో దానికి చేర్చిన జాతిద్వేష సెక్షన్లు. 2002 అక్టోబరులో కోర్టు నిర్దోషి అంది. ఆయన ఏ దస్త్రమూ తేలేదు, ఎవరినీ విడిపించాలనుకోలేదు, బోనెక్కాలనీ కోరుకోలేదు. బోనెక్కించింది ఎదుటివాళ్లు. అయినా దాని తర్వాత ఆయన ప్రతి నవలనూ జోస్యంలా చదవడం మొదలైంది.

ఆనీ ఎర్నో దారి మళ్లీ వేరు. 1940లో పుట్టి, నార్మండీలో చిన్న కిరాణా, కాఫీ దుకాణం నడిపేవాళ్ల ఇంట పెరిగిన ఈ రచయిత్రి, 1964 నాటి తన చట్టవిరుద్ధ గర్భస్రావాన్ని 2000లో పుస్తకంగా రాసింది. ఆమె సాక్ష్యం నవలలోనే ఉంది, బయట మాట్లాడినప్పుడు కొత్తగా తేవలసిన దస్త్రమంటూ లేదు. 2020 మార్చి 30న లాక్‌డౌన్‌లో అధ్యక్షుడికి ఆమె రాసిన లేఖను ఫ్రాన్స్ ఆంతేర్ రేడియో చదివి వినిపించింది. అధ్యక్షుడికి లేఖ అన్న రూపం 1898 నుంచి అలాగే ఉంది, కాకపోతే సెక్షన్ల నంబర్లు లేవు. 2022 అక్టోబరులో నోబెల్ ప్రకటించిన పది రోజులకు ధరల పెరుగుదల మీద పారిస్ ఊరేగింపులో నడిచింది.

అంతకు పదేళ్ల ముందు, 2012 సెప్టెంబరు 10న, ఎర్నో ‘లె మోంద్’లో రాసిన ఇంకో వ్యాసం ఉంది. నార్వేలో 77 మందిని చంపిన హంతకుడి చేతల్లోని ‘రూప పరిపూర్ణత’ను పొగుడుతూ రిషార్ మియే అనే నవలాకారుడు రాసిన పుస్తకాన్ని ఫాసిస్టు కరపత్రం అంటూ, వందమందికి పైగా రచయితల మద్దతుతో ఆమె ఉతికి ఆరేసింది. మియే గలిమార్ ప్రచురణ సంస్థలో వచ్చే రాతప్రతులను ఎంపిక చేసే కమిటీ సభ్యుడు. మూడు రోజుల్లో ఆ కమిటీ నుంచి తప్పుకున్నాడు. ఎర్నో పుస్తకాలు వేసేదీ గలిమారే.